సాఫ్టువేరు మార్పులు - వాడుకరి ప్రయోజనం

ఇప్పటికే వాడుకలో ఉన్న సాఫ్టువేరు రూపాన్ని గాని, పనితీరును గాని మార్చే ముందు వాడుకరులకు కలిగే లాభమెంత, వారు కోల్పోయేదెంత, కొత్తగా నేర్చుకోవలసినదెంత అని తూచి చూడడం సాఫ్టువేరు రూపకల్పనలో ముఖ్యమైన అంశం. కొత్త సాఫ్టువేరును తయారుచేసేటప్పుడు ఈ ప్రశ్న అంతగా ఎదురుకాదు. చేతికి అలవాటైనదానిని మార్చేటప్పుడే ఎదురవుతుంది.

మార్చనందువలన నష్టం

మార్పు చేయకపోవడం కూడా ఒక నిర్ణయమే. స్టువర్ట్ ఫెల్డ్‌మన్ 1976లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో 'మేక్' అనే ఉపకరణాన్ని తయారుచేశాడు. పెద్ద ప్రోగ్రాములో మారిన భాగాలను మాత్రమే తిరిగి కంపైలు చేయించడం దీని పని. ఇది చదివే మేక్‌ఫైలులో ఆదేశం ఉన్న ప్రతి వరుసా ట్యాబు అక్షరంతో మొదలుకావాలి. ట్యాబుకు బదులు ఖాళీలు ఉంటే కంటికి తేడా తెలియదు గాని పని ఆగిపోతుంది. ఈ ఇబ్బందిని ఫెల్డ్‌మన్ త్వరలోనే గుర్తించాడు. అయితే అప్పటికి మేక్‌ను సుమారు పన్నెండు మంది వాడుతున్నారు. వారి పనికి అంతరాయం కలుగుతుందని ఆ నియమాన్ని అలాగే ఉంచాడు. ఆ కొద్దిమందికి తప్పిన శ్రమను తరువాత వచ్చిన అసంఖ్యాక ప్రోగ్రామర్లు పడ్డారు. ట్యాబుకు బదులు వేరొక గుర్తును ఎంచుకునే వీలు గ్నూ మేక్‌లో 2010 నాటి 3.82 కూర్పులో గాని రాలేదు.

విండోస్ 8

మార్చి నష్టపోయిన సందర్భాలలో ప్రసిద్ధమైనది విండోస్ 8. 1995లో విండోస్ 95తో వచ్చిన స్టార్ట్ మీట, తెర ఎడమవైపు అడుగున పదిహేడేళ్ళు నిలిచింది. టచ్ తెరలను దృష్టిలో ఉంచుకొని మైక్రోసాఫ్ట్ 2012 అక్టోబరు 26న విడుదలైన విండోస్ 8లో ఆ మీటను, దాని మెనూను తొలగించి, తెరనిండా పలకలు పరచిన స్టార్ట్ తెరను పెట్టింది. స్టార్ట్ మెనూ వాడకం తగ్గుతున్నదని, తరచుగా వాడే ప్రోగ్రాములను జనం టాస్క్‌బారుకే తగిలించుకుంటున్నారని వాడుక గణాంకాలను చూపింది.

ఆ గణాంకాలు తప్పు కాదు, వాటినుండి తీసిన అర్థమే సరిపోలేదు. ఒక మీటను ఎన్నిసార్లు నొక్కారన్నది లెక్కకు అందుతుంది. దారి తెలియనప్పుడు ఎక్కడికి వెళ్ళాలో అది చూపుతున్నదన్న సంగతి అందదు. మౌసును మూలకు తీసుకుపోతే స్టార్ట్ తెరకు దారి కనబడేది గాని, అక్కడ ఏదో ఉన్నదని తెలిపే గుర్తేమీ లేదు. కంప్యూటరును ఆపివేయడానికి కూడా కుడి మూలనుండి పక్కపట్టీని రప్పించి, సెట్టింగులలోకి వెళ్ళి వెదకవలసి వచ్చేది. టచ్ తెర లేనివారికి ఈ శ్రమకు బదులుగా దక్కినది స్వల్పం. పాత మెనూను తిరిగి తెచ్చే ఇతరుల ప్రోగ్రాములకు గిరాకీ పెరిగింది.

2013 అక్టోబరులో వచ్చిన విండోస్ 8.1లో మీట తిరిగివచ్చింది, కాని నొక్కితే తెరుచుకునేది స్టార్ట్ తెరయే. మెనూ 2015 జూలైలో విండోస్ 10తో వచ్చింది.

ఆఫీస్ 2007

అలవాటును చెరిపే మార్పులన్నీ విఫలం కావు. వర్డ్ మొదటి కూర్పులో వంద వరకు ఉన్న ఆదేశాలు 2003 కూర్పు నాటికి 1,500 దాటాయి. వాడుకరులు కోరిన కొత్త సౌకర్యాలలో చాలావరకు అప్పటికే అందులో ఉన్నవే. మెనూలలో కనబడక అడిగినవి. అందుకే ఆఫీస్ 2007లో మెనూలకు బదులు రిబ్బన్ వచ్చింది. పాతవారు విసుగుకున్నారు, పాత మెనూకు మరలే వీలునూ ఇవ్వలేదు. అయినా రిబ్బన్ నిలిచింది. విండోస్ 8లో వలె గాక, ఇక్కడ తీర్చిన ఇబ్బంది వాడుకరులదే.

2021లో విండోస్ 11 స్టార్ట్ మీటను తెర మధ్యకు జరిపినప్పుడు, దానిని తిరిగి ఎడమకు చేర్చుకునే అమరికను మొదటి విడుదలలోనే చేర్చారు.