కారు వెనుక సైకిళ్ల చట్రం: తయారీలో మెలకువలు, చట్టపరమైన జాగ్రత్తలు

ఆరోగ్యం కోసం సైకిల్ తొక్కేవారి సౌకర్యార్థం హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు వెంబడి సౌర ఫలకల పైకప్పుతో నిర్మించిన 23 కిలోమీటర్ల ప్రత్యేక మార్గం 2023 అక్టోబరులో ప్రారంభమైనది. ఇటువంటి మార్గాల వరకు సైకిళ్లను కారు వెనుక తగిలించుకొని తీసుకువెళ్లడానికి వెల్డింగ్ దుకాణంలో ఇనుప చట్రం చేయించుకొనదలచిన వారు కొన్ని విషయాలను ముందుగా గమనించవలసి ఉన్నది. నడుస్తున్న కారు నుండి సైకిల్ జారిపడితే, వెనుక వచ్చే ద్విచక్ర వాహనదారుని ప్రాణానికే ముప్పు వాటిల్లుతుంది.

హిచ్ రిసీవర్ అంటే...

కారు అడుగు భాగానికి అడ్డంగా బిగించిన దూలానికి మధ్యలో అమర్చే చదరపు గొట్టమే హిచ్ రిసీవర్. సైకిళ్ల చట్రం కాడను ఇందులోకి దూర్చి, అడ్డంగా పిన్ను వేస్తారు. అమెరికాలో విస్తృత వాడుకలో ఉన్న ఈ గొట్టాల లోపలి కొలత 2 అంగుళాలు. చిన్న కార్లకు ఒకటింబావు అంగుళం. 2 అంగుళాల గొట్టానికి గోడ మందం పావు అంగుళం, పిన్ను వ్యాసం సుమారు 16 మిల్లీమీటర్లు ఉంటాయి.

భారం లెక్క

ఒక్కొక్కటి 15 కిలోల చొప్పున రెండు సైకిళ్లు, మరో 15 కిలోల చట్రం కలిసి 45 కిలోలవుతాయి. ఈ బరువు బిగింపు స్థానానికి 60 సెంటీమీటర్ల వెనుక వ్రేలాడితే, మీటరు దూరంలో 27 కిలోలు వ్రేలాడినంత మెలి బలం బోల్టులపై పడుతుంది. చక్రం గుంతలో పడిన క్షణంలో అది కొన్ని రెట్లు పెరుగుతుంది. కనుక ఇనుము ఎంత మందమన్నది ఒక్కటే చాలదు; దానిని ఎక్కడ బిగించామన్నది అంతకంటే ముఖ్యము.

బిగింపులో మెలకువలు

బంపరు పైతొడుగు ప్లాస్టిక్‌తో చేసినది. అది ఏ భారాన్నీ మోయలేదు. చట్రాన్ని కారు అడుగున రెండు వైపులా ఉండే నిలువు ఉక్కు దూలాలకే బిగించాలి. ఆ దూలాలు బోలుగా ఉంటాయి గనుక, బోల్టు బిగించినప్పుడు నొక్కుకొనిపోకుండా లోపల ఉక్కు గొట్టపు ముక్కలను, బయట వెడల్పాటి పట్టీలను అమర్చాలి. 8.8 గ్రేడు బోల్టులు, వదులుకాని నట్లు వాడడం మంచిది. కారు దూలానికి నేరుగా వెల్డింగ్ చేయరాదు. ఆ వేడికి ఉక్కు బలం తగ్గి, తుప్పు నిరోధక పూత కాలిపోతుంది. వెల్డింగ్ పనిని కారు నుండి విడిగా, దూరంగా ముగించి, రంగు వేసిన తరువాతనే బిగించాలి. పొగ గొట్టానికి, ఇంధన ట్యాంకుకు, అదనపు చక్రానికి తగినంత ఎడం ఉంచాలి. మొదటి 100 కిలోమీటర్ల ప్రయాణం తరువాత బోల్టులన్నీ మరల బిగించి చూడాలి.

చట్టం ఏమి చెబుతున్నది?

తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ నిషేధిస్తున్నది. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ నిబంధనను సమర్థించింది. అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి 5 వేల రూపాయల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ విధించడానికి 2019 సవరణ ద్వారా చేర్చిన 182ఎ సెక్షన్ వీలు కల్పిస్తున్నది. మోత వస్తువు అనుమతించిన పరిమితికి మించి పక్కలకు గాని, వెనుకకు గాని పొడుచుకొని వస్తే 194వ సెక్షన్ క్రింద 20 వేల రూపాయల జరిమానా ఉన్నది. నంబరు పలక, వెనుక దీపాలు మరుగుపడకుండా చూడడం కూడా యజమాని బాధ్యతయే.

అందువలన చట్రం చేయించడానికి ముందే రిజిస్టరింగ్ అధికారిని సంప్రదించి లిఖితపూర్వక అనుమతి పొందడం, బీమా సంస్థకు తెలియజేయడం అవసరము. ఈ మార్గం కుదరనివారు వెనుక సీటును మడిచి, సైకిల్ ముందు చక్రం విప్పి, కారు లోపలనే భద్రంగా తీసుకువెళ్లవచ్చును.