సొట్ట తీయుటలోని శాస్త్రము

ఇత్తడి బిందెకు సొట్ట పడినచో కంచరి సరిచేయును. మోటారుకారు రేకుకు సొట్ట పడినచో సరిచేయువానిని మన వర్క్‌షాపులలో టింకరింగు మేస్త్రి అందురు. విజయవాడ ఆటోనగరు వంటి చోట్ల ఈ సుత్తుల చప్పుడు పగలంతయు వినిపించును. చూచువారికి అది లోనికి పోయిన రేకును వెలుపలికి కొట్టుటగా మాత్రమే తోచును. కాని అట్లు కొట్టినంతమాత్రమున రేకు చదునుకాదు.

కారు పైరేకు సామాన్యముగా 0.7 లేక 0.8 మిల్లీమీటర్ల మందము గల మెత్తని ఉక్కు. బొటనవ్రేలితో నొక్కిన కొంచెము వంగి, వదలగానే యథాస్థితికి వచ్చును. ఇదియే స్థితిస్థాపకత. దెబ్బ ఒక హద్దు దాటినచో లోహములోని పరమాణువుల వరుసలు జరిగి క్రొత్తచోట కుదురుకొనును. తమంతట తిరిగి రావు. ఒకే సొట్టలో ఈ రెండు విధములైన భాగములును ఉండును. అంచున పడిన మడత శాశ్వతముగా మారినది. నడిమి పల్లములో చాలభాగము ఆ మడతచే పట్టుబడి నిలిచినది. అందుచేత నేర్పరి పల్లము నడుమ కొట్టడు. అంచునున్న గట్టును మెల్లగా దించును. బిగువు సడలగానే పల్లము చాలవరకు తానై లేచును. చివర పడిన మడతను మొదట తీయవలెనను నియమమునకు కారణ మిదియే.

రేకు వెనుక డాలీ అను ఉక్కుదిమ్మను ఆనించి పైనుండి కొట్టుదురు. రెండింటి నడుమ నలిగిన రేకు పలుచనై సాగును. సాగిన రేకుకు ఇముడుటకు చోటు చాలదు. అది ఉబ్బి, నొక్కినప్పుడు డబ్బామూతవలె టక్కున లోనికి పోవును. ఇంకను కొట్టినచో ఇంకను సాగును. అప్పుడు నిప్పు కావలెను. 25 మిల్లీమీటర్ల చోటును 700 డిగ్రీల సెంటిగ్రేడు మేర వేడిచేసినచో అది సుమారు 0.2 మిల్లీమీటరు పెరుగవలెను. చుట్టునున్న చల్లని రేకు పెరుగనీయదు గనుక అది మందమగును. తడిగుడ్డతో చల్లార్చగా కుంచించుకొని చుట్టుప్రక్కల రేకును తనవైపు లాగుకొనును. ఇట్లు సాగినది తగ్గును. మిగిలిన స్వల్పమైన ఎగుడుదిగుడులకే లప్పము. మందముగా పూసిన లప్పము త్వరలో పగులును.

ఈ నిప్పే మరొకచోట ప్రమాదకరము. కారు ముందు వెనుక భాగములు నలిగి దెబ్బను తాము గ్రహించవలెననియు, మనుష్యులు కూర్చుండు నడిమి గది నలగరాదనియు బేలా బారెన్యి అను ఇంజనీరు భావించి 1952లో పేటెంటు పొందెను. 1959లో ఆ పద్ధతి మెర్సిడిస్-బెంజ్ కారులలో అమలులోనికి వచ్చెను. నేటి అనేక కారులలో ఆ గది స్తంభములను బోరాను కలిపిన ఉక్కుతో చేయుదురు. దానిని సుమారు 900 డిగ్రీలకు కాల్చి, అచ్చులో నొక్కి, అందే చప్పున చల్లార్చుదురు. దాని బలము మెత్తని ఉక్కుకు నాలుగైదు రెట్లు. ఆ బలము చల్లార్చిన వేగమువలన వచ్చినది. మరల వేడిచేసినచో పోవును. అందుచేత అట్టి స్తంభము వంగినచో కాల్చి సరిచేయక, తయారీదారు చెప్పిన విధముగా క్రొత్తది అమర్చవలెను.

పైరేకు పని బాగుగా లేనిచో యజమాని వెంటనే కనిపెట్టును. కాలిన స్తంభము రంగు క్రింద ఏ గురుతును చూపదు. మరియొక ప్రమాదమున లోనికి వంగి, లోపలివారి ప్రాణములమీదికి తెచ్చును. సుత్తి యెత్తకముందే ఎదుటనున్నది ఏ ఉక్కో తెలిసికొనుట ఈ వృత్తికి మొదటి పాఠము.