కుండపోత కురిసినా ఉప్పునీరే: పుదుచ్చేరికి అడవి, చెరువు, మడ ఎందుకు కావాలి?

పుదుచ్చేరి: ఫెంగల్ తుపాను 2024 నవంబరు 30 రాత్రి పుదుచ్చేరి సమీపంలో తీరం దాటింది. ఆ సమయంలో పట్టణంలో 24 గంటల వ్యవధిలోనే 40 సెంటీమీటర్లకు పైగా వర్షం కురిసి, వీధులు జలమయమయ్యాయి. అయితే ఈ పట్టణాన్ని ఏళ్ల తరబడి వేధిస్తున్న సమస్య వేరు. తీరానికి సమీపంలోని బోరుబావుల్లోకి సముద్రపు ఉప్పునీరు చొరబడుతోంది. ఇంత వాన పడే చోట మంచినీటికి ఈ ముప్పు ఎందుకు? దీనికి సమాధానం పట్టణం చుట్టూ ఉన్న మూడు ఆవరణ వ్యవస్థల్లో ఉంది. అవి ఎర్రనేలల అడవి, లోతట్టు చెరువు, నదీముఖంలోని మడ.

ఉప్పునీరు ఎలా చొరబడుతుంది?

మంచినీటి కంటే సముద్రపు నీటి సాంద్రత సుమారు 2.5 శాతం ఎక్కువ. అందుచేత తీరప్రాంత భూగర్భంలో మంచినీరు ఉప్పునీటిపై తేలుతూ ఉంటుంది. స్థూలంగా చెప్పాలంటే, సముద్రమట్టానికి ఒక మీటరు ఎత్తున భూగర్భ జలం నిలిచిన చోట, ఆ మట్టానికి దిగువన సుమారు 40 మీటర్ల వరకు మంచినీరే ఉంటుంది. తోడకం పెరిగి పైమట్టం ఒక మీటరు పడిపోతే, అడుగున ఉప్పునీరు అనేక మీటర్లు పైకి జరుగుతుంది. అందువల్ల కురిసిన వానలో ఎంత భాగం నేలలోకి ఇంకిందన్నది కీలకం.

ఎండలోనూ వాడని అడవి

కోరమాండల్ తీరానికి ఈశాన్య రుతుపవనాలే ప్రధాన ఆధారం. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు అధిక వర్షం కురిసి, ఆపై నెలల తరబడి పొడి వాతావరణం ఉంటుంది. అయినా ఇక్కడి పాల, అల్లి, నేరేడు, అడవినిమ్మ వంటి చెట్లు ఏడాది పొడవునా పచ్చగా నిలుస్తాయి. శాస్త్రజ్ఞులు దీనిని ఉష్ణమండల శుష్క సతతహరిత అడవిగా వర్గీకరించారు. దట్టమైన కొమ్మలు, రాలిన ఆకుల పొర వాన తాకిడిని తగ్గిస్తాయి. వేర్లు నీటికి నేలలోకి దారి చూపుతాయి.

ఈ అడవి నేడు ముక్కలుగా మాత్రమే మిగిలింది. వాటిలో చాలావరకు గ్రామదేవతల వనాలే. పట్టణానికి ఉత్తరాన పుత్తుపట్టులోని అయ్యనార్ ఆలయ వనం ఇందుకు ఉదాహరణ. ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీహరికోట దీవిలోనూ ఇదే రకం అడవి ఉంది. రాకెట్ ప్రయోగ కేంద్రం రక్షణ పరిధిలో ఉండడం దానికి మేలు చేసింది. 1968లో ఆరంభమైన ఆరోవిల్‌లో, కోతకు గురైన ఎర్రమట్టి నేలపై గట్లు కట్టి, వాన నీటిని నిలిపి, చెట్లు పెంచారు. పోయిన పచ్చదనాన్ని తిరిగి తేవడం సాధ్యమేనని ఆ అనుభవం నిరూపించింది.

చెరువు నుంచి నదీముఖం వరకు

పట్టణానికి పడమరన సుమారు 800 హెక్టార్ల ఊసుడు చెరువు ఉంది. శంకరాపరణి నది నుంచి కాలువ ద్వారా దీనికి నీరు చేరుతుంది. నిలిచిన నీరు నెమ్మదిగా ఇంకి పరిసర బావులకు ఊటనిస్తుంది. పుదుచ్చేరి ప్రభుత్వం తన పరిధిలోని భాగాన్ని 2008లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించింది. ఉత్తరాన విలుప్పురం జిల్లాలోని 5,151.6 హెక్టార్ల కళువేలి చిత్తడినేల 2024 ఆగస్టులో రామ్‌సర్ జాబితాలో చేరింది. మంచినీరు, ఉప్పుటేరు, నదీముఖం మూడూ అక్కడ ఒకే వ్యవస్థగా కలిసి ఉన్నాయి.

పట్టణానికి దక్షిణాన అరియాంకుప్పం నదీముఖం, తేంగాయ్‌తిట్టు ప్రాంతాల్లో మడ చెట్లు పెరుగుతున్నాయి. గాలి సోకని బురదలో బతికేందుకు ఇవి శ్వాస వేర్లను పైకి పంపుతాయి. అలల వేగాన్ని తగ్గించి, ఒండ్రును నిలిపి, చేప, రొయ్య పిల్లలకు ఆశ్రయమిస్తాయి. అయితే మడకు ఉప్పునీటితో పాటు మంచినీరూ అవసరమే. నదీ ప్రవాహం తగ్గితే లవణీయత పెరిగి, దానిని తట్టుకోగల కొద్ది జాతులే మిగులుతాయి. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోనే భాగమైన యానాం సమీపాన కోరింగ మడ అడవులు విస్తారంగా ఉండడానికి గోదావరి తెచ్చే మంచినీరు, ఒండ్రు ముఖ్య కారణాలు.

ముందున్న బాధ్యత

ఈ విషయాలపై పరిశోధనకు పుదుచ్చేరిలో దీర్ఘ చరిత్ర ఉంది. 1955లో ఇక్కడ స్థాపితమైన ఫ్రెంచ్ పరిశోధన సంస్థ అడవుల పటాలను రూపొందించింది. భారత మడ అడవులపై ఫ్రాన్స్వా బ్లాస్కో గ్రంథాన్ని 1975లో ప్రచురించింది.

ఊసుడు చెరువు గర్భం పుదుచ్చేరి, తమిళనాడు మధ్య విభజితమై ఉంది. వనాలు, నది ఎగువ భాగం చాలావరకు తమిళనాడులో ఉన్నాయి. ఎగువన వనం తరిగితే కొట్టుకువచ్చిన మట్టి చెరువును పూడ్చుతుంది. చెరువు పూడితే ఇంకే నీరు తగ్గుతుంది. ఆ నష్టం చివరకు తీరంలోని బావి నీటి రుచిలో బయటపడుతుంది. కనుక ఉభయ ప్రభుత్వాలు ఈ మూడింటినీ ఒకే జలవ్యవస్థగా పరిగణించి సంరక్షించవలసి ఉంది.