అరటిపండు మీది కాపురం

మన్నెగూడలో సాగర్ రోడ్డు పక్కన పండ్ల బండి అతను మెత్తబడ్డ అరటిపండ్ల మీద గుడ్డ విసురుతూ, "ఎక్కడికెల్లి వస్తయో టీచరమ్మా ఈ ఈగలు!" అని తిట్టుకుంటుంటాడు. జువాలజీ చెప్పి రిటైరైన నాకు మాత్రం అవి పాత విద్యార్థుల్లా కనిపిస్తాయి. మామిడి రైతులను ఏడిపించే పండు ఈగ వేరు. అది కాయను పొడిచి గుడ్లు పెడుతుంది. ఇవి డ్రోసోఫిలా ఈగలు. పొడవు సుమారు 3 మిల్లీమీటర్లు, కళ్లు ఎర్రన.

మగది ఒక రెక్క చాచి అదిలిస్తూ పాట పాడుతుంది. నచ్చకపోతే ఆడది కాలితో తన్ని పోతుంది. నచ్చితే జత కడుతుంది. అసలు పేచీ ఆ తర్వాతే. వీర్యంలో శుక్రకణాలతోపాటు మగది బోలెడన్ని ప్రొటీన్లు పంపుతుంది. అందులో ఒకటి సెక్స్ పెప్టైడ్, 36 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. శుక్రకణాల తోకలకు అంటుకుని, రోజుల తరబడి కొద్దికొద్దిగా విడుదలవుతుంది. దాంతో ఆడది గుడ్లు జోరుగా పెడుతుంది, అన్నాళ్లూ ఇంకో మగదాన్ని దగ్గరకు రానివ్వదు. మగదానికి కావలసిందీ అదే. ఖరీదు మాత్రం ఆడది చెల్లిస్తుంది. ఆ ప్రొటీన్లు తయారుకాని మగ ఈగలతో ఉంచిన ఆడవి ఎక్కువకాలం బతికాయని ట్రేసీ చాప్‌మన్ బృందం 1995లో చూపింది.

జోడీని చంపుకుంటే మగదానికి ఏం లాభం? ఏమీ లేదు. కానీ పెద్ద నష్టమూ లేదు. ఆడది రేపు పెట్టే గుడ్లకు తండ్రి మరొకటి కావచ్చు కదా! "మగ ఈగ విషం" అని రాసేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు. ఇందులో పగ లేదు, రేపటి మీద వాటా లేకపోవడమే ఉంది.

అమెరికాలో విలియం రైస్ 1996లో ఒక గడుసు ప్రయోగం ప్రచురించారు. తరతరానికీ ఆడవాటిని పాత నిల్వ నుంచే తెచ్చి, మగవాటిని మాత్రమే మారనిచ్చారు. ఎదురు నిలిచేవాళ్లు లేక మగవి రాటుదేలాయి. వాటితో కలిసిన ఆడవి ఎక్కువగా చచ్చిపోయాయి. 1999లో బ్రెట్ హాలండ్‌తో కలిసి దీన్ని తిరగేశారు: ఒక మగదానికి ఒకే ఆడది, అలా 47 తరాలు. మగవి మెత్తబడ్డాయి. ఆడవాటి మొండితనమూ తగ్గింది. మన దేశంలో మొహాలీలోని పరిశోధన సంస్థ ఐసర్‌లో ఎన్.జి. ప్రసాద్ బృందం మగవి ఎక్కువున్న మందలను, తక్కువున్న మందలను తరాలపాటు పెంచింది. పోటీ తగ్గిన చోట మగవి ఆడవాటికి హాని చేయడం తగ్గిందని 2013లో తేల్చింది.

ఇంట్లో పిల్లలుంటే సీసాలో పండిన అరటిముక్క వేసి, ఈగలు చేరాక మూతికి పల్చటి గుడ్డ కట్టండి. పొట్ట చివర నల్లగా ఉన్నది మగది. రెక్క చాచేది ఎవరో, తన్నేది ఎవరో వాళ్లనే చూసి చెప్పమనండి.