వరుసలో ఉన్నది ప్రాణం

కొత్త అమావాస్య ముందు రాత్రి. అనకాపల్లి అంతా నూకాలమ్మ జాతర సందడి. మా అత్తగారికి గుండె పట్టేసింది, ఒళ్ళంతా చెమటలు. ఆటోలో ఆసుపత్రికి పరుగెత్తాం.

అత్యవసర విభాగంలో ఒక్కరే డాక్టరు. ఆయన లారీ గుద్దిన కుర్రాడి దగ్గరున్నారు. జ్వరాలవాళ్ళు, వేళ్ళు తెగినవాళ్ళు, మేము... అందరిదీ ఒకే వరుస. నలభై నిమిషాలు! నేను గొంతు పెంచబోతే, "ఊరుకోమ్మా, ఆయనకి మాత్రం ఎన్ని చేతులున్నాయి?" అన్నారు అత్తగారు, అంత బాధలోనూ.

చివరికి ఓ నర్సమ్మ ఆవిడ మొహం చూసి, వరుస పక్కనపెట్టి ఇ.సి.జి. తీయించింది. ఆ చూపే ఆవిణ్ణి నిలబెట్టింది.

దానికి వైద్యంలో ట్రయాజ్ అని పేరు. ముందొచ్చినవారికి కాదు, ముందు ప్రమాదంలో ఉన్నవారికి వైద్యం. గుండెనొప్పితో వచ్చినవారికి పది నిమిషాల్లో ఇ.సి.జి. తీయాలంటాయి వైద్య మార్గదర్శకాలు. ప్రభుత్వ డాక్టరైనా, ప్రైవేటు డాక్టరైనా ముందు ప్రాణం కాపాడాలని 1989లోనే సుప్రీంకోర్టు చెప్పింది. నిజమే, కానీ కాపాడే చేతులు చాలొద్దూ? రాత్రిపూట రెండో డాక్టరు ఉండాలని, వచ్చినవారిని వచ్చినట్టే చూసే నర్సు ఉండాలని మనం అడగొద్దూ?

అంతవరకూ మనం చేయగలిగింది ఒకటుంది. గుండెనొప్పి అయితే ఆటో కోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రిలో అడుగుపెట్టగానే పేరు, ఊరు కాదు, "గుండెనొప్పి", "ఊపిరాడటం లేదు" అని ముందు చెప్పండి. మొహమాటపడి బల్లమీద కూర్చోకండి.

నేను కూర్చున్నాను. ఆ నలభై నిమిషాలూ ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వవు.