ఖాళీ నేల అని రాసేది ఎవరు?

యుద్ధ విమానాల స్థావరం కట్టాలంటే ఏం కావాల? రన్‌వే, పెట్రోలు ట్యాంకులు, కంచె అంటాం. వీటన్నిటికన్నా ముందు ఇంకొకటి కావాల. ఈ నేల మీద ఎవరూ లేరు అని రాసిన కాగితం. దాన్నెట్ల పుట్టిస్తారో డీగో గార్సియా కథ చూస్తే తెలుస్తాది.

మన దేశానికి దక్షిణాన, హిందూ మహాసముద్రం నడుమ చాగోస్ దీవులుండాయి. వాటిల్లో పెద్దది డీగో గార్సియా. ఆఫ్రికా నుంచి బానిసలుగా, మన దేశం నుంచి కూలీలుగా తెచ్చినోళ్ల పిల్లలు, మనవళ్లు అక్కడ కొబ్బరితోటల్లో పనిచేస్తా తరాలుగా బతికినారు. ఇండ్లు, చర్చి, సమాధులు అన్నీ ఉండె. మారిషస్‌కు స్వాతంత్ర్యం ఇచ్చే ముందు, 1965లో, బ్రిటన్ ఈ దీవుల్ని విడగొట్టి తన దగ్గరే పెట్టుకునింది. మరుసటేడు అమెరికాతో ఒప్పందం చేసుకునింది, యాభై ఏండ్లు వాడుకోండని. అమెరికాకు కావాల్సింది దీవి, దీవిలోని జనం కాదు. జనం ఉండారంటే ఐక్యరాజ్యసమితిలో జవాబు చెప్పాల్సి వస్తాది. అందుకని లండన్ ఆఫీసర్లు ఒక ఉపాయం చేసినారు. వీళ్లు ఈడోళ్లు కారు, వచ్చిపోయే కాంట్రాక్టు కూలీలు అని రాసుకున్నారు. తాత సమాధి ఆడ్నే ఉన్నోడు వచ్చిపోయే కూలి ఎట్లయితాడప్పా?

ఆ కాగితం పుట్టినాక పని సులువైపాయె. తోటల కంపెనీని కొనేసినారు. వైద్యానికని మారిషస్ పోయినోళ్లను తిరిగి ఓడ ఎక్కనీలేదు. 1971లో దీవిలోని పెంపుడు కుక్కల్ని షెడ్డులో పెట్టి వాహనాల పొగతో చంపినారు. 1973 నాటికి దీవులన్నీ ఖాళీ. 1,500 నుంచి 2,000 మంది దాకా మారిషస్, సీషెల్స్ రేవుల్లో దింపేసినారు. ఇల్లు లేదు, పని లేదు. కూలీలుగా ఓడలెక్కిపోయిన మన తెలుగోళ్ల సంతతి ఆ మారిషస్‌లోనే ఉండాది. పరాయి రేవులో చేతులూపుకుంటా దిగడమంటే ఏందో వాళ్ల తాతలకు ఎరికే.

ఆ దీవి నుంచి లేచిన బాంబర్లు 1991లో ఇరాక్ మీద, 2001లో ఆఫ్ఘనిస్తాన్ మీద, 2003లో మళ్లీ ఇరాక్ మీద బాంబులేసినాయి. విడగొట్టింది చట్టం ప్రకారం చెల్లదని 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం అనింది. 2025 మేలో బ్రిటన్ సంతకం చేసిన ఒప్పందం ప్రకారం దీవులు మారిషస్‌వి, డీగో గార్సియా మాత్రం 99 ఏండ్ల లీజు. మిగతా దీవులకు తిరిగి పోవచ్చంట, డీగో గార్సియాకు మాత్రం కాదంట. ఆడ పుట్టినోళ్ల సంగతి ఏంది మరి?

అదంతా తెల్లోళ్ల దౌర్జన్యం, మనకేం అనుకునేవాళ్లు చళ్ళకెర దాకా రాండి. కల్యాణదుర్గం, రాయదుర్గం తట్టోళ్లకు తెలిసిన ఊరే, శెనక్కాయ నూనె మిల్లుల ఊరు. ఆడ అమృత్‌మహల్ కావల్ అని వేల ఎకరాల గడ్డి నేల ఉండాది. మైసూరు రాజులు, హైదర్, టిప్పు తమ తోపులు లాగే ఎద్దుల మేతకు వదిలిన భూములవి. ఒకరకంగా అప్పుడూ సైన్యం భూమే. కానీ తోపుల ఎద్దులు పోయినా గడ్డి ఉండె. చుట్టుపక్కల పల్లెల గొర్లు, ఆవులు దాని మీదే బతికె. ఆ గొర్ల ఉన్నితోనే కురుబలు కంబళ్లు నేసిరి.

పదైదేండ్ల కింద కర్ణాటక ప్రభుత్వం ఈ కావల్ భూముల్లో 4,290 ఎకరాలు డీఆర్‌డీఓకు, 1,810 ఎకరాలు భాభా అణు పరిశోధన కేంద్రానికి, 1,500 ఎకరాలు బెంగుళూరు ఐఐఎస్‌సీకి, 573 ఎకరాలు ఇస్రోకు ఇచ్చింది. గోడలు లేస్తాంటే పల్లెలోళ్లు కొట్లాడినారు. వ్యవహారం గ్రీన్ ట్రిబ్యునల్‌కు ఎక్కింది. 2014లో ట్రిబ్యునల్ షరతులు పెట్టి కట్టుకోమనింది. 2017 మేలో అరుణ్ జైట్లీ వచ్చి విమాన పరీక్షల కేంద్రాన్ని ప్రారంభించినాడు. తపస్ డ్రోన్లు ఎగిరేది, ఇస్రో రెక్కల రాకెట్ పుష్పక్ దిగింది ఈడనే.

దేశానికి డ్రోన్లు వద్దని నేననను. చళ్ళకెరలో ఎవరినీ ఓడెక్కించలేదు గూడా, రెండూ ఒకటే అనడం అన్యాయం. కానీ గొర్రెలు మేపేవానికి ఆ నేల మీద పట్టా లేదు, పాసుబుక్కు లేదు. కాగితంలో లేనోనికి నష్టపరిహారం యాడ నుంచి వస్తాది?

మన జిల్లా సంగతికొస్తాం. చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరుతో 8,844 ఎకరాలు పోయింది చూసినోళ్లమే. వానల్లేని సీమ కాబట్టి పై నుంచి చూసేటోనికి మన నేలంతా బీడుగానే కనపడతాది. శెనక్కాయ పంట పోయిన ఏడు జీవాలే ఇంటిని నిలబెట్టినాయని వానికి తెలీదు. మీ ఊరి మేత భూమిని అడంగల్‌లో ఏమని రాసినారో వీఆర్వోను అడగండి. మేత పోరంబోకు అనుందా, అసెస్డ్ వేస్ట్ అనుందా? మారిపోయుంటే పంచాయతీ తీర్మానాల పుస్తకం గూడా తెప్పించి చూడండి. మేత భూమిని మార్చాలంటే ముందు పంచాయతీని అడగాల. మీ పంచాయతీలో ఆ సంతకం ఎవరు పెట్టినారో, ఏ తేదీన పెట్టినారో అందులో ఉంటాది.