ఆక్సిజన్ మిషను ఉన్న ఇంట్లో లిథియం బ్యాటరీ – కొనేముందు చూడవలసిన లెక్క

"సిస్టరమ్మా, ఇన్వర్టరుకు లిథియం బ్యాటరీ పెట్టిస్తే కరెంటు పోయినా నాయనకు ఆక్సిజన్ ఆగదు కదా?" అని వార్డులో తరచుగా మమ్మల్ని అడుగుతున్నారు. పెట్టించవచ్చు. అయితే ముందుగా మీ ఇంటి వాడకం ఎంతో తెలుసుకోండి.

ఈ మధ్య దేవనకొండ దగ్గరి పల్లె నుండి ఒక పెద్దాయనను రాత్రివేళ ఆయాసంతో తీసుకువచ్చారు. వారి బ్యాటరీ కొత్తది. కరెంటు పోయాక ఆక్సిజన్ కాన్సంట్రేటరు బాగానే నడిచింది. ఫ్రిజ్ మోటారు అందుకోగానే అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఇంట్లో సిలిండరు లేదు. ఆయన కోలుకున్నారు గాని, ఆ కుటుంబం పడిన భయం మరొకరికి రాకూడదు.

ఎందుకు ఆగింది?

మోటారు ఉన్న ఏ వస్తువైనా మొదలయ్యే క్షణంలో మామూలు కన్నా కొన్ని రెట్లు కరెంటు లాగుతుంది. డిస్టిల్డ్ వాటర్ పోసే పాత బ్యాటరీ ఆ క్షణాన్ని ఓర్చుకుంటుంది. లిథియం బ్యాటరీలో బి.ఎం.ఎస్. అనే రక్షణ సర్క్యూటు ఉంటుంది. హద్దు దాటితే సెల్స్ పాడవకుండా అది వెంటనే కట్ చేస్తుంది. అంటే బ్యాటరీ చెడిపోలేదు, మనం మోయలేనంత బరువు పెట్టాము.

లెక్క ఇలా వేయండి

ప్రతి వస్తువు వెనుక వాట్లు రాసి ఉంటాయి. 5 లీటర్ల కాన్సంట్రేటరు సుమారు 350, ఫ్యాను 75, రెండు ఎల్.ఇ.డి. బల్బులు 18. మొత్తం 443 వాట్లు. ఇన్వర్టరులో పోయే నష్టం కలిపితే సుమారు 520. దీన్ని బ్యాటరీ వోల్టేజి 12.8తో భాగిస్తే 41 ఆంపియర్లు. 50 ఆంపియర్లే ఇచ్చే బ్యాటరీ అయితే మోటారు మొదలయ్యే క్షణానికి మిగులు లేనట్టే. 100 ఆంపియర్లు ఇచ్చేది మేలు.

ఎంతసేపు వస్తుంది? 12.8 వోల్టుల, 100 ఎ.హెచ్. బ్యాటరీలో 1280 వాట్ అవర్ ఉంటుంది. పై వాడకానికి సుమారు రెండు గంటలు. రాత్రంతా వస్తుందని అనుకోవద్దు.

కొనేముందు అడగండి

- బ్యాటరీ ఆగకుండా ఎన్ని ఆంపియర్లు ఇస్తుంది? మొదలయ్యే క్షణంలో ఎన్ని ఇస్తుంది?
- మా పాత ఇన్వర్టరులో లిథియం ఛార్జింగ్ సెట్టింగు ఉందా?
- ఇన్వర్టరు సైన్ వేవ్ రకమా? కాన్సంట్రేటరుకు అదే కావాలి.

ఫ్రిజ్, మిక్సీ, నీళ్ళ మోటారు ఇన్వర్టరు లైనులో ఉంటే ఎలక్ట్రీషియన్‌తో తీయించండి. బ్యాటరీని ఎండ తగలని, గాలి ఆడే చోట ఉంచండి.

మరువవద్దు

ఏ బ్యాటరీ పెట్టినా నిండు సిలిండరు ఒకటి పక్కన ఉండాలి. 1.5 ఘనపు మీటర్ల బి-టైపు సిలిండరు నిమిషానికి 2 లీటర్ల చొప్పున సుమారు 12 గంటలు వస్తుంది. దాని దగ్గర పొయ్యి, దీపం, బీడీ వద్దు. డాక్టరుగారు చెప్పిన లీటర్లను మీరు మార్చవద్దు. బ్యాటరీ బిగించిన రోజు రోగిని సిలిండరు మీద ఉంచి, పట్టపగలే మెయిన్ ఆపి, మిషను ఎంతసేపు నడుస్తుందో చూడండి. ఆ సమయాన్ని గోడ మీద రాసి పెట్టండి. ఆయాసం పెరిగితే ఆలస్యం చేయక 108కు ఫోన్ చేయండి.

ఈసారి ఓ.పి.కి వచ్చేటప్పుడు మీ వాట్ల చీటీ తెండి. మేము కూర్చుని మీతో కలిసి కూడి చూస్తాము.